క్రిస్మస్‌కే పూసిన క్రోకస్ పూలు

మా పెరట్లో గునపం దిగే చోటు ఒక్కటే ఉండేది. వంటగది గుమ్మం దగ్గర మొదలై, పెరటి చివరనున్న స్నానాలగది గోడదాకా ఏటవాలుగా సాగిన పట్టీ, అడుగున్నర వెడల్పు ఉంటుందేమో. మిగతాదంతా రాయే. మేమున్న కొండ పేరు జబల్ అఖ్దర్, అరబ్బీలో పచ్చని కొండ అని అర్థమట. ఆ పేరు పెట్టినవాణ్ణి పట్టుకొచ్చి మా పెరట్లో ఒక్క కరివేపాకు మొక్క నాటమనాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో! కింద మెట్ల చేలల్లో ఊరివాళ్లకు దానిమ్మలూ గులాబీలూ పండుతాయి, కాదనను. మాకు మాత్రం ఆ పట్టీ తప్ప దిక్కులేదు. అక్కడొక్కచోటే మట్టి ఎందుకంత మెత్తగా ఉందని మేమిద్దరం ఏనాడూ ఆలోచించలేదు.

మేమిద్దరం అంటే నేనూ, అక్కా. సొంత అక్క కాదు. కొండమీద చిన్న క్లినిక్‌లో ఇద్దరం నర్సులం, ఊళ్లో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆమెది భీమవరం వైపు, నాది గుంటూరు వైపు. డ్యూటీలో ‘సిస్టర్’ అని పిలిచి, ఇంటికి రాగానే ‘అక్కా’ అనేదాన్ని. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దది. నాకు నోరెక్కువ, ఆమెకు ఓపికెక్కువ. అందుకే ఒకే వంటగదిలో ఆరేళ్లు గొడవపడకుండా నెట్టుకొచ్చాం. గొడవపడకుండా అంటే, నేను అరిచేదాన్ని, ఆమె వినేది.

ఆమె భర్త, నేను బావగారు అని పిలిచేదాన్ని, కింద మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో ఒక వర్క్‌షాపులో పనిచేసేవారు. రెండు వారాలకొకసారి చేపలూ, రొయ్యలూ ఐసు డబ్బాలో పెట్టుకుని కొండెక్కి వచ్చేవారు. వచ్చిన మనిషి ఊరికే కూర్చోడు. కుళాయి బిగించేవారు, తలుపు గడియ సరిచేసేవారు, మధ్యలో నన్ను ఆటపట్టించేవారు. “నీ మొగుడు అదృష్టవంతుడమ్మా, ఇండియాలో ఉండి బతికిపోయాడు” అనేవారు. నేను గరిట చూపించేదాన్ని.

కరోనా రోజుల్లో ఆయన నాలుగు రోజుల్లో పోయారు. దారులన్నీ మూసేశారు. మమ్మల్ని డ్యూటీ వదిలి కొండ దిగనివ్వలేదు. ఇండియాకి పంపే వీలు లేక అక్కడే సమాధి చేశారు. ఎవరో ఫోన్‌లో తీసి పంపిన వీడియోలో తెల్ల సూట్లు తొడుక్కున్న నలుగురు మనుషులు కనిపించారు. ఏ ముఖమూ కనిపించలేదు. మా క్రైస్తవుల్లో గుంటలోకి పెట్టె దించాక అయినవాళ్లు తలా ఒక పిడికెడు మట్టి వేస్తారు, ఇంటివాళ్లు ముందు. ఆ వీడియోలో పిడికెళ్లు లేవు, ఒక పార ఉంది. అక్క దాన్ని ఒకసారి చూసి ఫోన్ నాకిచ్చేసింది. ఏడవలేదు. మర్నాడు డ్యూటీకి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడైనా అన్నం కలుపుతూ కలుపుతూ, కూరలో ఉప్పు వేయడం మర్చిపోయిన మనిషిలాగా, “నేను మట్టి వెయ్యలేదే” అనేది. అంతే, మళ్లీ తినేది.

దుంపలు ఆ తర్వాత రెండేళ్లకు వచ్చాయి. కొండమీద నడవడానికి వచ్చే విదేశీయుల్లో ఒక పెద్దావిడ మడమ బెణికి మా దగ్గరికి వచ్చింది. అక్క కట్టు కట్టి, మంచి మాట చెప్పి, మన చారు కూడా తాగించి పంపింది. మరుసటేడు అక్టోబరులో ఆవిడ మళ్లీ వచ్చి చిన్న గుడ్డసంచీ ఇచ్చింది. లోపల సాంబారు ఉల్లిపాయలకన్నా చిన్నవి, గోధుమరంగు పీచు కట్టుకున్న దుంపలు. క్రోకస్ అంది. కుంకుమపువ్వుకి అడవిలో తిరిగే చెల్లెళ్లట. దుకాణాల్లో అమ్మే లావుపాటి రకం కాదు, తమ ఊళ్లో చలికాలం పోకముందే అన్నిటికన్నా ముందు పూసే సన్నరకం.

ఎలా పెంచాలో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నాలుగు వేళ్ల లోతులో, సన్న గులకరాయి కలిపిన మట్టిలో పెట్టాలి. చలి బాగా తగలాలి. ఆకు సరిగ్గా లేవకముందే పువ్వు లేస్తుంది. చుట్టూ వెచ్చగా ఉంటేనే విచ్చుకుంటుంది, చల్లబడితే నిమిషాల్లో ముడుచుకుంటుంది. వేసవి అంతా నేల కింద చచ్చినట్టు పడుంటుంది, అప్పుడు నీళ్లు పోయకూడదు. “చనిపోయిందేమోనని తవ్వి చూడకండి. అందరూ చేసే తప్పు అదే” అని మరీ మరీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ దుంపలకు ముడుచుకునే రకం వేర్లు కొన్ని ఉంటాయట, అవి దుంపని ఏటేటా కిందికి లాక్కుంటాయట. నేను నవ్వాను. మొక్క కిందికి పెరగడమేంటి, చోద్యం కాకపోతే!

ఆ పట్టీ పొడవునా నాటాం. మొదటి చలికాలం ఆవిడ చెప్పినట్టే జరిగింది. ఫిబ్రవరి మొదట్లో ఒక ఉదయం, నిన్నటిదాకా ఒట్టి మట్టి ఉన్నచోట, వంకాయపువ్వు రంగులో సన్నటి మొనలు నిలబడ్డాయి. ఎండ గోడ దిగి వాటి మీద పడగానే ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, లోపల నారింజరంగు నాలుక. మధ్యాహ్నం మబ్బు కమ్మితే అన్నీ ముడుచుకున్నాయి. మళ్లీ ఎండ, మళ్లీ విచ్చుకోవడం. నేను స్టూలు వేసుకుని టీ తాగుతూ చూశాను. అక్క చూసి, “ఆయనుంటే ఫొటోలు తీసేవాడు” అంది. అదొక్కటే మాట. ఎంత హాయిగా ఉండిందో ఆ పదిహేను రోజులు!

వేసవిలో నేను బియ్యం కడిగిన నీళ్లు పోయబోతే అక్క ఒప్పుకోలేదు. చచ్చినట్టున్న మట్టికి నీళ్లు పోయకుండా ఉండటం మన చేతులకు అలవాటు లేని పని. అయినా ఆగాను.

సెప్టెంబరులో ఆమె మస్కట్ వెళ్లొచ్చింది. అక్కడ ఘుబ్రాలో ఉండే మా పాత స్నేహితురాలితో కలిసి మొదటిసారి బావగారి సమాధి దగ్గరికి వెళ్లిందట. తిరిగొచ్చేటప్పుడు ఒళ్లో హార్లిక్స్ డబ్బా. కొండ కింద చెక్‌పోస్టు దగ్గర పోలీసు మూత తీయించి చూశాడట.

“మట్టి ఎందుకు అన్నాడే. మొక్కలకి అన్నాను. పోనిచ్చాడు,” అంది డబ్బా బల్లమీద పెడుతూ.

“ఎక్కడి మట్టి అక్కా?” అన్నాను, తెలిసి కూడా.

“నేను వెయ్యాల్సిన పిడికెడు.”

సమాధి మట్టిని ఇంట్లో వంటబల్ల మీద పెట్టుకోవడమేంటి? “నీకేమన్నా మతిపోయిందా? బయటపెట్టు ముందు,” అని అరిచాను. ఆమె బయటే పెట్టింది. అక్టోబరు మొదట్లో ఒక సెలవురోజున గునపం పట్టుకుని పట్టీ మధ్యలో తవ్వడం మొదలుపెట్టింది. దుంపల కింద ఆ మట్టి వేసి మళ్లీ పైన దుంపలు సర్దుతుందట.

తవ్వితే దుంపలు లేవు. నాలుగు వేళ్ల లోతులో ఒక్కటీ లేదు. నేను కూడా వంగి చేత్తో గెలికాను. “చచ్చి కుళ్లిపోయాయిలే, నేను చెప్పలా?” అన్నాను. ఆమె ఇంకా తవ్వింది. ఇంకో మూడు నాలుగు వేళ్లు కిందికి పోయాక కనిపించాయి, పాతదాని తొక్క మీద కొత్త దుంప కూర్చుని ఉంది, పక్కన పిల్లలు. అన్నీ బతికే ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టకుండా అంత కిందికి ఎలా దిగాయో చూస్తే, పెద్దావిడ చెప్పిందని తెలిసినా, నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. అక్క మాత్రం సంతోషపడింది. “చూశావా, లోపలికి వెళ్తున్నాయే,” అంది. వాటికన్నా లోతుగా వెయ్యాలని గునపంతో గట్టిగా నాలుగు పోట్లు పొడిచి, డబ్బా వంచి, పైన దుంపలు పెట్టి మూసేసింది. ఆ రోజు నుంచి ఆ పట్టీ దగ్గర చెప్పులు విడిచేది. “ఆయన మట్టి ఉన్నచోట చెప్పులేంటే” అని నన్ను కూడా కసిరేది. నేను చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

క్రిస్మస్ వారంలో పువ్వులొచ్చాయి. ఫిబ్రవరిలో రావాల్సినవి. అదీ పట్టీ అంతా కాదు, అక్క మట్టి వేసిన మధ్యభాగంలో, చాప పరిచినంత మేర మాత్రమే. మనిషి పడుకుంటే పట్టేంత. అటూ ఇటూ ఒట్టి మట్టి.

అది కూడా సరే అనుకుంటాను. ఆ ఉదయం బక్కెట్లో నీళ్లమీద అద్దంలా మంచు పేరుకుంది. ఎండ ఇంకా కొండ దాటలేదు. నా చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. ఆ చలిలో ఆ పువ్వులన్నీ బార్లా విచ్చుకుని ఉన్నాయి, ఎవరో పక్కన కూర్చుని వాటిమీద ఊపిరి వదులుతున్నట్టు. చుట్టూ రాళ్లమీద తెల్లటి మంచుపొడి ఉంది, ఆ చాపంత చోట లేదు. నేను వంటగది గుమ్మంలోనే నిలబడిపోయాను. బ్రష్ నోట్లోనే ఉంది. అక్క చెప్పులు విడిచి వాటి పక్కన నిలబడి ఉంది, కళ్లు మూసుకుని.

కాసేపయ్యాక లోపలికి వచ్చి, కాళ్లు తుడుచుకోకుండానే కుర్చీలో కూర్చుంది.

“ఆయనొచ్చాడే,” అంది.

“ఎవరు?”

“మీ బావగారు. కాళ్లు పట్టుకున్నట్టుంటంది. జివ్వుమంటంది ఇక్కడిదాకా,” అని మోకాలు చూపించింది.

ఆమె గొంతు మామూలుగా ఉంది. పాలు పొంగాయి అన్నట్టే చెప్పింది. అదే నన్ను భయపెట్టింది. నాకు భయమేస్తే కోపమొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. “నీ మొహం! నీకు షుగర్ ఉంది, అరికాళ్లకి తిమ్మిరి. రోజూ పేషెంట్లకి చెప్పేదానివి నీకు తెలీదా?” అని గ్లూకోమీటర్ తీసుకొచ్చి వేలు పొడిచాను. షుగర్ బాగానే ఉంది. ఆమె నవ్వి వేలు చీర కొంగుకి తుడుచుకుంది.

ఆ ఫిబ్రవరి నెలాఖరుకి అక్క కాంట్రాక్టు అయిపోతుంది. కాకినాడలో కూతురు కడుపుతో ఉంది, మార్చిలో పురుడు. “పిన్నీ, ఎలాగైనా అమ్మని పంపించు. నాకు ఇంకెవరున్నారు?” అని నాకు వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. పంపిస్తానని నేను మాటిచ్చాను. పెట్టె కూడా బయటికి తీశాం. పువ్వులొచ్చిన మూడోరోజో నాలుగోరోజో అక్క ఆ పెట్టె మళ్లీ మంచం కిందికి తోసేసింది. ఇంకో ఏడాది ఉంటానని క్లినిక్‌లో అడిగిందని నాకు వేరేవాళ్లు చెప్పారు.

“ఆయన ఇక్కడుంటే నేనెక్కడికి వెళ్తానే?” అంది అడిగితే.

“కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని పువ్వుల్ని చూసుకుంటావా? నీకసలు మనసుందా?” అని ఎగిరాను. మాట కొంచెం ఎక్కువే అన్నాను. ఆమె పళ్లెం కడుగుతూ ఉండిపోయింది.

ఆ నెల ఆ ఇంట్లో ఎలా గడిపానో నాకే తెలియాలి. పొద్దున్నే ఆమె చెప్పులు విడిచి వెళ్లి నిలబడటం, రెండు నిమిషాలు, ఒక్కోరోజు మూడు. పెదవులు కదిలేవి. వచ్చేముందు మగ్గుతో పువ్వుల పాదులో నీళ్లు పోసేది. రాత్రి వాన పడినా పోసేది. “కుళ్లిపోతాయి అక్కా” అంటే వినిపించుకోదు. ఒక్కోరోజు వచ్చి “ఇవాళ గట్టిగా పట్టుకున్నాడే” అనేది. ఇంకోరోజు “ఇవాళ లేడు”. లేడన్న రోజు నేను వెళ్లి చూస్తే పువ్వులన్నీ ముడుచుకుని ఉండేవి. ఉన్నాడన్న రోజు అవి విచ్చుకుని ఉండేవి. ఇదేం విడ్డూరమో నా తలకెక్కలేదు. పగలు డ్యూటీలో నవ్వుతూనే ఉండేదాన్ని, ఇంటి దారి పట్టగానే నడక నెమ్మదించేది.

ఒక పొద్దున ఇంటి ఓనర్ల మేక గోడ దూకి పువ్వుల కోసం వచ్చింది. నేను కర్ర పట్టుకుని గుమ్మం దాటేలోపే అది ఆ చాపంత చోట ముందుకాళ్లు పెట్టి, మనిషి కేక లాంటి కేక పెట్టింది. నాలుగు కాళ్లమీదా ఎగిరి గోడకి గుద్దుకుని, కుంటుకుంటూ పారిపోయింది. ఆ తర్వాత ఆ మేకలు గోడెక్కి చూసేవేగానీ లోపలికి దిగలేదు.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. మర్నాడు అక్క పువ్వుల దగ్గర నుంచి వచ్చి దుస్తులు మార్చుకుంటుంటే, చెప్పులు విడిచి అక్కడికి వెళ్లాను. తడి మట్టిలో కుడికాలు పెట్టాను. నేల వెచ్చగా ఉంది. జనవరిలో, కొండమీద, పక్కనే మంచు ఉండగా, నేల నీళ్లు కాచిన గిన్నెలా వెచ్చగా ఉంది. ఎడమకాలు కూడా పెట్టాను. అరికాలి కింద ఏదో పాకి, పిక్కని పట్టుకుని లాగింది. “ప్రభువా” అనుకుని వెనక్కి పడ్డాను, మోచేయి రాయికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. అప్పటిదాకా అక్కని పిచ్చిదన్నదాన్ని. దయ్యాలంటే నవ్వే మనిషిని, సాయంత్రం ఇంట్లో ఒంటరిగా ఉండలేక రోడ్డుమీద చలిలో నిలబడి అక్క వచ్చేదాకా ఎదురుచూశాను.

ఆమెకి చెప్పలేదు. చెబితే ఇక జన్మలో కదలదు.

వారం తిరిగాక ఊరంతా కరెంటు పోయింది, తెల్లవారుజాము నుంచి పదిదాకా. అక్క ఎప్పట్లాగే వెళ్లి నిలబడింది. చాలాసేపు నిలబడింది. లోపలికి వచ్చి, “ఇవాళ రాలేదే” అంది నీరసంగా. కిటికీలోంచి చూశాను. పువ్వులన్నీ ముడుచుకుని, రాళ్లమీదున్న మంచుపొడి వాటిమీద కూడా ఉంది.

కరెంటు లేదు. ఆయన రాలేదు.

అప్పటికి వెలిగింది నా బుర్ర. చేతిలోని చపాతీ పిండి అలాగే వదిలేసి ఫోన్ తీశాను.

ఊళ్లో కరెంటు పనులు చేసే హైదరాబాద్ భాయ్ ఒకాయన ఉండేవాడు. క్లినిక్‌లో ఫ్యాన్లూ ఏసీలూ ఆయనే చూసేవాడు. అక్క డ్యూటీకి వెళ్లాక రమ్మన్నాను. టెస్టర్, గునపం, రబ్బరు బూట్లతో వచ్చాడు. అప్పటికి కరెంటు వచ్చేసింది. పువ్వుల దగ్గర ఒక కడ్డీ దించి, మీటరు పెట్టి చూసి ముఖం మార్చేశాడు.

“అమ్మా, ఎన్కకి జరుగుండ్రి. చెప్పులు ఇడువకుండ్రి. నక్కో నక్కో, గా మట్టి మీద కాలు పెట్టకుండ్రి.”

వంటగది గుమ్మం పక్కనున్న గీజర్ స్విచ్ ఆపి, మెయిన్ ఆపి, తవ్వాడు. జానెడున్నర లోతులో నల్లటి తీగ కనిపించింది. వంటగది నుంచి స్నానాలగది గీజర్‌కి వెళ్లే లైను. ఏనాడో ఎవరో రాయిలో గాడి కొట్టి, తీగ పరిచి, మట్టితో మూసేశారు. పెరట్లో గునపం దిగేది అక్కడొక్కచోటే ఎందుకో అప్పుడు అర్థమైంది. మధ్యలో ఒక అతుకు, దానికి చుట్టిన టేపు చీలి, రాగి బయటపడి, పచ్చగా చిలుము పట్టి ఉంది. చీలిన చోట గునపం మొన దిగిన గుర్తు.

“గీజర్ ఏసినప్పుడల్లా గీ అతుకు కాల్తుంది. మట్టి ఎచ్చగైతది. తడి ఉంటే కరెంటు పాకుతది. ఇది పాత లైను, ట్రిప్పయ్యే స్విచ్ గూడ లేదు. ఈడ ఎవ్వరన్నా ఒట్టి కాళ్లతోని నిలబడ్డరా?”

“మా అక్క. రోజూ. నెల రోజుల నుంచి.”

“నీళ్లు?”

“పోసేది.”

టోపీ తీసి తల గోక్కున్నాడు. “యా అల్లా,” అన్నాడు చివరికి. “మొదటి దినమే పోవాల్సిన మనిషమ్మా. గిట్ల ఎట్ల బతికిందో నాకైతే సమజైతలేదు.”

తీగ రెండువైపులా కోసేసి, గోడమీదుగా కొత్త లైను లాగి, సాయంత్రానికి వెళ్లిపోయాడు. పువ్వులు కొన్ని తవ్వకంలో పోయాయి, దుంపలు నేనే ఏరి మళ్లీ పెట్టాను. రబ్బరు చెప్పులతో.

అక్కకి ఆ రాత్రి చెప్పలేకపోయాను. తెల్లారి ఆమె వెళ్లి తవ్విన మట్టిలో నిలబడింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. గోడమీద కొత్త తీగ తెల్లగా కనిపిస్తూనే ఉంది. రెండు నిమిషాలు, మూడు, ఐదు. పువ్వులు ముడుచుకునే ఉన్నాయి. ఆమె కళ్లు తెరిచి ఆ తీగని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. లోపలికి వచ్చి కాళ్లు కడుక్కుంది.

“అక్కా, అది బావగారు కాదు,” అన్నాను. ఎంత మెల్లగా చెబుదామనుకున్నా నా గొంతు పెద్దదే. “కరెంటు భాయ్ తవ్వి చూశాడు, మొదటిరోజే పోవాల్సిన మనిషివన్నాడు. గీజర్ తీగ. నువ్వు తవ్వినప్పుడు గునపం తగిలింది. కరెంటు.”

“తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“కరెంటని.” తువ్వాలుతో వేళ్ల సందులు తుడుచుకుంటూ చెప్పింది. “మొదటిరోజే తెలుసు. ముప్పై అయిదేళ్ల నుంచి ఆస్పత్రుల్లో ఉన్నాను, షాక్ అంటే తెలీదా? ఆయన చెయ్యి ఎలా ఉంటదో నాకు తెలీదా?”

“మరి ఎందుకు నిలబడ్డావు?”

“ఒక్కడే వెళ్లాడు కదే. ఎవరూ లేకుండా వెళ్లాడు.” తువ్వాలు మడత పెట్టింది. “నా అంతట నేనేం చేసుకోను. అది పాపం, ప్రభువు ఒప్పుకోడు. అక్కడ నిలబడతాను, ఆయనకి కావాలంటే తీసుకెళ్తాడు అనుకున్నాను. రోజూ అడిగాను.”

అప్పుడు ఒక్కొక్కటే నాకు తట్టాయి. వాన పడినా పోసిన నీళ్లు. గీజర్ ఎక్కువసేపు వేస్తే ఇన్నేళ్లూ నన్ను సణిగిన మనిషి, ఆ నెలంతా చీకటితోనే నా దుప్పటి లాగి, “లేవవే, గీజర్ వేసుకో, చలిగా ఉంది” అని లేపడం. నేను ఆవలిస్తూ వెళ్లి స్విచ్ నొక్కడం, బద్ధకించి నొక్కని రోజు ఆయన రాకపోవడం. ఆమె చెప్పులు విడవడం.

కొట్టాను. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద మనిషిని, అక్కా అని పిలిచే మనిషిని, చెంప మీద ఫెడీమని కొట్టాను. “నా చేత చేయించావా? నా చేత స్విచ్ వేయించావా? నువ్వు పడిపోతే ఎత్తుకునేదాన్ని నేనే కదా, నీ కూతురికి ఫోన్ చేసేదాన్ని నేనే కదా!” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఏడుపొచ్చి కింద కూలబడ్డాను.

ఆమె చెంప తడుముకోలేదు. నా పక్కన నేలమీద కూర్చుంది.

“నెల రోజులు అడిగానే. ఒక్కరోజూ తీసుకెళ్లలేదు. ఆ కరెంటు భాయ్ ఏమన్నాడు, మొదటిరోజే పోవాలన్నాడా?”

అవునన్నట్టు తలూపాను.

“పెళ్లయిన ముప్పై ఏళ్లలో నేనేదడిగినా కాదనలేదు ఆయన. ఇదొక్కటే వద్దన్నాడు.” మోకాళ్లమీద చేతులు ఆనించి లేచి నిలబడింది. “లే. అమ్మాయికి ఫోన్ చెయ్యి, వస్తున్నానని చెప్పు.”